ఒడెట్ చూపించిన పిడికిలి

మా లోయలో అడవి దారి మీద నాలుగు చక్రాల మోటారు బండ్లు నడిపేవాళ్ళు ఎదురుపడితే ఒకరికొకరు వేళ్ళు చూపించుకుంటారు. నా వెనక ఇంకో ముగ్గురు వస్తున్నారంటే మూడు వేళ్ళు. అందరికన్నా చివర వచ్చేవాళ్ళు పిడికిలి చూపిస్తారు. పిడికిలి కనిపించిందంటే ఆ గుంపు అయిపోయినట్టే, మలుపు అవతల ఇక ఎవరూ లేరన్నమాట.

ఈ లెక్క మా అందరికీ నేర్పింది ఒడెట్ పెల్టియే. వయసు అరవై మూడు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఇక్కడ చిన్నాపెద్దా అందరూ ఆమెను "తాంత్" అని పిలుస్తారు, పిన్ని అని. నాలుగు చక్రాల బండి కొత్తగా ఎక్కే పిల్లలకు మా క్లబ్బు ఏటా వసంతంలో ఫైర్ స్టేషన్ హాల్లో తరగతి పెడుతుంది. అందులో పాఠం చెప్పేది ఆమే.

"హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు పాడైపోతుంది తాంత్" అని ఎవరైనా గునిస్తే, "జుట్టు మళ్ళీ మొలుస్తుంది రా, బుర్ర మొలవదు. నీకసలే అది తక్కువ" అంటుంది.

పోయిన అక్టోబరులో, బంగాళాదుంపలు తవ్వడం అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం, ఐదుగురం బయల్దేరాం. అందరికన్నా చివర ఒడెట్ మరిది అర్మాండ్. దారిలో క్లబ్బు కట్టించిన చెక్క గుడిసె దగ్గర ఆగి కాఫీ తాగాం. అర్మాండ్ మోకాలు పట్టుకుని మూలిగాడు.

"ఇవాళ నావల్ల కాదేమోనే ఒడెట్. రోడ్డు పట్టుకుని ఇంటికి పోయినా పోతాను."

"పోరా పో. నీ మోకాలి గోల నీ భార్యకు చెప్పుకో."

అతను గుడిసెలోనే ఉండిపోయాడు. మేం నలుగురం కదిలాం. అతను ఇంటికే పోతాడని అందరం అనుకున్నాం. తీరా చూస్తే మనసు మార్చుకుని, మా వెనకే బయల్దేరాడు.

రెండు మైళ్ళు పోయాక డారెల్ మిషో ఎదురొచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, రంపపు మిల్లులో పని. మా ముందువాళ్ళు మూడు వేళ్ళు, రెండు వేళ్ళు చూపించారు. నేను ఒకటి చూపించాను. నా వెనకున్న ఒడెట్ పిడికిలి చూపించింది. డారెల్ తలూపి మా పక్కనుంచి పోయాడు. వాడి ఇంజను ఒక్కసారి హోరెత్తింది. ఆ తర్వాత మలుపు అవతల నుంచి పెద్ద చప్పుడు వినిపించింది.

వెనక్కి తిరిగి వెళ్ళేసరికి అర్మాండ్ పొదల్లో పడి ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద వంకర తిరిగి ఉంది. డారెల్ అతని హెల్మెట్ పట్టీ విప్పబోతున్నాడు.

"చెయ్యి తియ్యి!" అని ఒడెట్ అరిచింది. "ముందు ఇంజన్లు ఆపండి. నువ్వు ఆ మలుపు దగ్గరికి, నువ్వు ఈ మలుపు దగ్గరికి పోయి నిలబడండి, వచ్చేవాళ్ళను ఆపండి."

నన్ను సిగ్నల్ అందే గుట్ట ఎక్కి సాయం కోసం ఫోన్ చేయమంది. మేం ఎక్కడున్నామో వాళ్ళకు తెలిసేలా, దారి పక్క గుంజ మీదున్న నంబరు నాచేత రెండుసార్లు చెప్పించి మరీ పంపింది. నేను తిరిగొచ్చేసరికి అర్మాండ్ తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని కూర్చుంది. తన కోటు తీసి అతని మీద కప్పింది.

"ఊపిరాడట్లేదే, హెల్మెట్ తీసెయ్" అన్నాడు అర్మాండ్.

"ఆడకపోతే ఇంత వాగుడెక్కడిది? మెడ సంగతి తేలేదాకా అది అక్కడే ఉంటుంది. మాట్లాడుతూనే ఉండు, ఎలాగూ నోరు మూయవుగా."

స్ట్రెచర్ వచ్చేదాకా ఆమె ఆ చేతులు తీయలేదు. అంతసేపూ డారెల్ ఒక మొద్దు మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. వాడితో ఎవరం ఏమీ అనలేదు. అనాల్సిన మాట ఒకటుందని నాకు తెలుసు, ఒడెట్‌కూ తెలుసు.

ఆసుపత్రికి చేరాక వార్డెన్ వచ్చింది. పేరు కెండ్రా. అడవిలో ప్రమాదాలు జరిగితే వివరాలు రాసుకునేది ఆమే. అర్మాండ్‌కు ప్రాణభయం లేదని, కాలికి ఆపరేషన్ చేస్తున్నారని అప్పటికే తెలిసింది. ఇక తేలాల్సింది తప్పెవరిదన్నదే. కేసు మీద పడితే డారెల్ కొన్నేళ్ళపాటు బండి ముట్టుకోకూడదు.

"ఎదురొచ్చినవాళ్ళు నీకు లెక్క చూపించారా?" అని కెండ్రా అడిగింది.

డారెల్ ఒడెట్ వైపు చూశాడు. "చూపించే ఉంటారు. తాంత్ తప్పు చూపించదు కదా. నేనే సరిగ్గా చూసుకోలేదేమో."

కెండ్రా రాసుకోబోయింది.

"ఆగమ్మా" అంది ఒడెట్. "వాడు సరిగ్గానే చూశాడు. నేను పిడికిలి చూపించాను. మరిది ఇంటికి పోయాడనుకున్నాను. అనుకున్నానంతే, వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు నడిపినన్నాళ్ళూ చివరి సీటుదాకా నడిచి చూడనిదే తలుపు మూయలేదు నేను."

"నేనూ ఒక్క వేలే చూపించాను" అన్నాను.

"నువ్వు చూపించింది నన్ను. నా వెనక ఎవరున్నారో చూడాల్సింది నేను."

కెండ్రా మొత్తం రాసుకుంది. పిడికిలి చూసినా సరే, కనపడని మలుపులో అంత వేగం డారెల్ తప్పేనంది. కానీ కేసు పెట్టనంది, గట్టిగా మందలించి వదిలేసింది.

బయటికి రాగానే డారెల్ ఒడెట్‌కు ఎదురు నిలబడ్డాడు.

"మూడు గంటలు, తాంత్. నా కళ్ళు నన్నే మోసం చేశాయనుకుంటూ కూర్చున్నాను. నీకు తెలిసీ నోరు విప్పలేదు."

"విప్పలేదు రా. భయమేసింది."

వాడు వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

చలికాలం మధ్యలో క్లబ్బు సమావేశం జరిగింది. పాఠం చెప్పేవాళ్ళ జాబితాలోంచి తన పేరు తీసేయమని ఒడెట్ అడిగింది. అప్పుడు డారెల్ లేచాడు.

"ఆమే చెప్పాలి. జరిగింది జరిగినట్టు చెప్పాలి. నేనొచ్చి కూర్చుని వింటాను."

ఏప్రిల్‌లో పదకొండు మంది పిల్లలు వచ్చారు. డారెల్ వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒడెట్ ఏదీ దాచకుండా చెప్పింది: గుడిసె, కాఫీ, తాను వెనక్కి చూడకపోవడం, మలుపు అవతల చప్పుడు. లెక్క తెలియకపోతే వేళ్ళు చూపించొద్దు, అరచెయ్యి కిందికి ఊపి నెమ్మదిగా పొమ్మని చెప్పండి అంది. మీకు పిడికిలి కనిపించినా మలుపులో వేగం పెంచొద్దంది. తర్వాత హెల్మెట్ సంగతికి వెళ్ళబోయింది.

"ఆసుపత్రి వదిలేశావు" అన్నాడు డారెల్, కూర్చున్న చోటినుంచే.

పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒడెట్ చేతిలోని హెల్మెట్ బల్ల మీద పెట్టింది.

"అవును, వదిలేశాను" అంది. కుర్చీ లాక్కుని పిల్లల ముందు కూర్చుని, ఆ మూడు గంటల సంగతి మొదలుపెట్టింది.