తువ్వాలు కింద గడియారాలు

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మా క్వార్టరు వరండాలో ఆదివారం పొద్దున్న ఎవరూ బట్టలు ఆరేసేవాళ్ళు కాదు. ఆ పూట వరండా మా తాతయ్యది, ఆయన గడియారాలది. తాతయ్య గూడ్సు బళ్ళ మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. మా నాన్న కూడా రైల్వేలోనే కాబట్టి అందరం నాన్న క్వార్టర్లో ఉండేవాళ్ళం. తాతయ్య డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ దయాల్‌బంద్‌లోని వాచీ రిపేరు కొట్టు చుట్టూ తిరిగి, జనం మోజు తీరి వదిలేసిన కీ ఇచ్చే గడియారాలను ఒక్కొక్కటిగా పోగుచేశాడు. వాటిని మామ్మ స్టీలు పోపుల పెట్టెలో గిన్నెకొకటి చొప్పున దాచుకున్నాడు. పాపం మామ్మ ఆవాలూ జీలకర్రా ఖాళీ సీసాల్లోకి మార్చుకుంది. అది తన పుట్టింటివాళ్ళు పెట్టిన పెట్టె అని అప్పుడప్పుడూ గుర్తుచేసేది గానీ, తిరిగి ఇచ్చెయ్యమని మాత్రం పట్టుబట్టలేదు.

ఆదివారం టిఫిన్లయ్యాక ఇద్దరు వచ్చేవారు. ఒకరు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మేస్టారు, మాలాగే శ్రీకాకుళం వైపువారు. ఇంకొకాయన కుదుదండ్‌లో ఉండే బొగ్గు కంపెనీ అంకుల్. ఉద్యోగం మీద కరీంనగర్ నుంచి వచ్చినాయన. ముగ్గురికీ గడియారాల పిచ్చి, ముగ్గురి మధ్యా ఎప్పుడూ ఒకటే తగాదా. చేతికి ఏ సైజు గడియారం అందం అన్నదే ఆ తగాదా. సైజంటే పట్టీ పొడవు కాదు. అద్దం చుట్టూ ఉండే ఆ లోహపు గుండ్రం అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుంటుందో అది.

తాతయ్య మాట ముప్ఫై నాలుగు. అంతకు మించితే గోడకి తగిలించుకోవాల్సిందే అనేవాడు. బండి చివరనుండే బ్రేక్‌వ్యానులోంచి జెండా ఊపేటప్పుడు చొక్కా చెయ్యి కింద బుద్ధిగా ఒదిగి ఉంటేనే అది గడియారమని ఆయన నమ్మకం. బొగ్గు కంపెనీ అంకుల్‌ది నలభై రెండు. పెద్ద పెద్ద డయళ్ళ ఫ్యాషను అప్పుడే ఊపందుకుంటోంది. హైదరాబాదు వెళ్ళొచ్చినప్పుడల్లా ఆయన చేతి మీద అంతకుముందు కంటే పెద్దది కనిపించేది. "కండ్లద్దాలు లేకుంటనే టైం కనవడాలె. లేకుంటె అది కట్టుకునుడెందుకు?" అనేవాడు. మేస్టారిది ముప్ఫై ఆరు. కారణం చెప్పేవారు కాదు. ఎప్పుడూ వాళ్ళిద్దరి మధ్యా కూర్చునే మనిషికి అదే తగిన కొలత కాబోలు అనుకునేదాన్ని. రెండో టీ వచ్చేసరికి వాళ్ళ గొంతులు పక్క క్వార్టరుదాకా వినిపించేవి. ఏమీ తేలేది కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ మొదటినుంచీ మొదలు.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. పుట్టినరోజుకని విశాఖపట్నం నుంచి మా పిన్ని నాకొక వాచీ పంపింది. బంగారు రంగు, చింతగింజంత డయలు, సన్నటి పట్టీ. నా వయసు ఆడపిల్లలందరూ అలాంటివే పెట్టుకునేవారు. ఎంతో ముచ్చటపడి కట్టుకోబోతే చివరి చిల్లుకి కూడా పిన్ను అందలేదు. మామ్మ నా చేతికి కొబ్బరినూనె రాసి చూసింది. గాజులైతే జారతాయి గానీ పట్టీ జారదుగా. మర్నాడు స్కూల్లో నా పక్కన కూర్చునే అమ్మాయి అదే వాచీని తన చేతికి పెట్టుకుని, రెండో చిల్లుకే పిన్ను పెట్టి, నా మణికట్టుని ఆ పక్కన పెట్టి అందరికీ చూపించింది. పహల్వాన్ అని ఎవరో అన్నారు. బెంచీ బెంచీ నవ్వింది. వాళ్ళలో అంత చెడ్డవాళ్ళెవరూ లేరు. మధ్యాహ్నానికే మర్చిపోయి ఉంటారు. నేను మాత్రం ఆ రోజునుంచీ చున్నీ కొసల్లో చేతులు దాచుకోవడం మొదలుపెట్టాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఏడు మా గేమ్స్ టీచరు నన్ను గుండు విసిరే పోటీకి ఎంపిక చేసింది. నాకు ఆ పోటీ అంటే ప్రాణం. చల్లటి ఇనపగుండు మెడకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా చెయ్యి చాచినప్పుడు కలిగే ఆ తేలిక నాకు ఇంకెందులోనూ దొరికేది కాదు. కానీ గుండు విసిరితే చేతులు ఇంకా లావైపోతాయని క్లాసులో అందరూ అంటున్నారు. ప్రాక్టీసుకి రానని టీచరుతో చెప్పేశాను. ఆవిడ ఆలోచించుకో అని వారం గడువిచ్చింది. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఓ సాయంత్రం తాతయ్య పోపుల పెట్టె తెరిస్తే మధ్య గిన్నెలో ఆ బంగారు రంగు వాచీ కనిపించింది. అక్కడ పెట్టింది నేనే.

"ఏటే ఇది? నా పెట్టెలోకి ఎలాగొచ్చింది?" అన్నాడు.

"నీకిచ్చేశాను తాతా. నాకు పట్టదు."

"పట్టకపోతే ఏటైంది, పట్టీ మార్పిద్దాం."

"వద్దు. నా చెయ్యి మోటీ అంట. గుండు విసిరితే ఇంకా మోటీ అయిపోతుందంట. నేను పోటీకి కూడా వెళ్ళను. బస్, అంతే."

ఇక ఏడుపు ఆగలేదు. తాతయ్య ఓదార్చలేదు. నా చెయ్యి తీసుకుని తన చేతి పక్కన పెట్టి చూసుకున్నాడు. అదే ఎముక, అదే వెడల్పు. ముడతలొక్కటే తేడా. "అచ్ఛా" అని మాత్రం అని, పెట్టె మూసేశాడు. ఆయన ఇంకేదైనా అంటాడని ఎదురుచూసి, అనకపోయేసరికి నాకు ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం వరండాలో బల్ల మీద గడియారాలు బారుగా లేవు. మడతపెట్టిన పెద్ద తువ్వాలు ఒకటి పరిచి ఉంది. "ఈ తగాదా ఇవాళ తేల్చీద్దాం" అన్నాడు తాతయ్య. ముగ్గురి దగ్గరా తలా ఒక గడియారం తీసుకుని, పట్టీలు ఊడదీసి, మూడింటికీ ఒకే రకం గుడ్డ పట్టీలు వేశాడు. చెయ్యి తువ్వాలు కింద పెట్టాలి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. మేస్టారు ప్రతి మనిషికీ వరస మార్చి ఒకదాని తర్వాత ఒకటి కడతారు. కళ్ళతో చూడకుండా, వేలితో తడమకుండా, ఏది చేతి మీద హాయిగా కూర్చుందో చెప్పాలి. చెప్పినదాన్ని మళ్ళీ కాదనకూడదు. నన్ను కూడా పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాకేమీ అర్థం కాలేదు.

ముందు బొగ్గు కంపెనీ అంకుల్ కూర్చున్నాడు. మూడూ అయ్యాక తల ఊపుతూ, "మూడోది. మస్తుగ కూసున్నది. బరువు లేదు, కదుల్తలేదు. నాదేనది, నాకెర్కలేదా" అన్నాడు. మేస్టారు తువ్వాలు తీశారు. అది తాతయ్య ముప్ఫై నాలుగు. అంకుల్ ఒక్క క్షణం తన చేతిని ఎవరిదో చెయ్యిలా చూసుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత తాతయ్య. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. "మొదటిదే బాగుంది మేస్టారూ. చెయ్యంతా పరుచుకుంది, హాయిగా ఉంది" అన్నాడు. తువ్వాలు తీస్తే ఆయన మణికట్టు మీద బొగ్గు కంపెనీ అంకుల్ నలభై రెండు పళ్ళెంలా మెరుస్తోంది. ఇంక చూడాలి. అంకుల్ కుర్చీలోంచి లేచి, "అమ్మా, జర బైటికి రాండ్రి, గార్డు సాబ్ గోడ గడియారం కట్టుకున్నడు" అని మామ్మని కేకేశాడు. మామ్మ అట్లకాడ పట్టుకునే వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య చెవులదాకా ఎర్రబడి నవ్వుతూ కూర్చున్నాడు. మేస్టారి వంతు వచ్చినప్పుడు ఆయన మూడూ కట్టించుకుని, మూడూ బాగానే ఉన్నాయండి అన్నారు. అది ఓటు కిందికి రాదని ఇద్దరూ కొట్టిపారేశారు.

"ఇప్పుడు నువ్వు" అన్నాడు తాతయ్య నాతో.

నేను వెనకాడాను. కానీ తువ్వాలు కింద చెయ్యి ఎవరికీ కనపడదు కదా అనిపించింది. పెట్టాను. అక్కడ నా చెయ్యి లావో సన్నమో చెప్పేవాళ్ళు లేరు, నాకే కనపడటం లేదు. మొదటిది బరువుగా వాలింది. రెండోది చల్లగా తగిలి, ఎముక పక్కన ఒదిగి, అక్కడే ఉండిపోయింది. మూడోది కట్టకముందే రెండోది అని చెప్పేశాను. తీసి చూస్తే మేస్టారి ముప్ఫై ఆరు. ఇన్నేళ్ళలో ఆయన మాటకి ఒక్కరు ఒప్పుకోవడం అదే మొదటిసారి. పాపం మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంక ఇది అమ్మాయిదేనండి, నేను వెనక్కి పుచ్చుకోను" అన్నారు.

నా చేతి మీద ఆ ఉక్కు గడియారం చాలా బాగుంది. నా చెయ్యి బాగుందని నాకు అనిపించడం కూడా అదే మొదటిసారి. తాతయ్య వంగి దానికి కీ ఇస్తూ, నాకొక్కదానికే వినపడేలా అన్నాడు. "మీ పిన్ని పంపిన వాచీ నీ చేతికి చాల్లేదు. అంతేకదా. దానికి నీ చెయ్యేటి తప్పు చేసింది?"

మర్నాడు పొద్దున్నే గేమ్స్ టీచరు దగ్గరికి వెళ్ళి వస్తానని చెప్పాను. పోటీరోజున మైదానం అంచున ముగ్గురూ వరసగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గుండు ఎంత దూరం పడిందో కొలుస్తారు తప్ప ఎంతసేపట్లో పడిందో ఎవరికీ పట్టదు. అయినా బొగ్గు కంపెనీ అంకుల్ తన పెద్ద గడియారం బొడిపె నొక్కుతూ నేను విసిరిన ప్రతిసారీ టైము చూసి, మేస్టారికి గట్టిగా చెప్పాడు. అది విని నవ్వొచ్చి నా బిగువు సడలింది. ఆఖరి విసురు అందరికంటే దూరం పడుతుందనుకున్నాను గానీ రాయ్‌గఢ్ అమ్మాయి గుండు ఇంకో జానెడు ముందు పడింది. రెండో బహుమతి పుచ్చుకోవడానికి రెండు చేతులూ చాచినప్పుడు చున్నీ ఎక్కడుందో నాకు గుర్తే లేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళకి, నేను కాలేజీకి వెళ్ళబోయే వేసవిలో, మామ్మ బీరకాయలు చెక్కుతూ మాటల్లో అంది. "కళ్ళు మూసుకుని టిక్కుటిక్కు వింటే చాలు, ఏ వాచీయో చెప్పీగలరు మీ తాత. ఆవేళ చేతి మీదున్నదేటో ఆయనకి తెలీదనుకున్నావేటి?" నేను చేస్తున్న పని ఆపేసి తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన పేపరు కిందికి దించకుండానే, "అదంతా ఇప్పుడేటి గుర్తుంటాదే" అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ బొగ్గు కంపెనీ అంకుల్ ఆ గోడ గడియారం మాటతో ఏడిపిస్తూనే ఉన్నాడు. తాతయ్య ఒక్కసారైనా అసలు సంగతి బయటపెట్టి ముప్ఫై నాలుగు పరువు కాపాడుకోలేదు.

ఇప్పుడు మంగ్లా వైపు ఒక స్కూల్లో నేనే గేమ్స్ టీచర్ని. ప్రతి ఏడూ పిల్లలకి బూట్లు పంచే రోజున పాదాలు పెద్దవైన ఆడపిల్ల ఒకతె తప్పకుండా వరస చివరికి వెళ్ళి నిలబడుతుంది. ఆ పిల్ల వంతు వచ్చేసరికి నేను నా బూట్లు విప్పి పక్కన పెడతాను. నావి నీకంటే చిన్నవి, పందెం అంటాను. కావని ఆ పిల్ల అంటుంది. కొలిచి చూస్తుంది. నావే పెద్దవి. మేడమ్ ఓడిపోయిందని పిల్లలంతా గోల చేస్తారు, అందరికంటే గట్టిగా ఆ పిల్లే అరుస్తుంది. ఆ గోలలో నిలబడి ఉన్నప్పుడు, పళ్ళెమంత గడియారంతో మా తాతయ్య ఆ రోజు అంత హుషారుగా ఎందుకున్నాడో నాకు ప్రతిసారీ తెలిసొస్తుంది.