పొట్టి మంచం

అంగుళం మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తలుపులు బిగించడం ఆయన పని. కానీ ఎవరింట్లో బీరువా మొండికేసినా ఆయనకే కబురు. నలుగురు వస్తాదులు నడుం పట్టుకుని కూలబడినచోటికి ఈ బక్కమనిషి రెండు వాలు చెక్కలూ కొయ్య సుత్తీ పట్టుకుని వచ్చేవాడు. ఒకవైపు పలచగా, ఇంకోవైపు మందంగా చెక్కిన ముక్కలవి. పలచని అంచు బీరువా కిందకి దూర్చి, ఇటు రెండు దెబ్బలు, అటు రెండు దెబ్బలు. "ఒక్క అంగుళం లేస్తే చాలమ్మా!" అనేవాడు. లేవక చస్తుందా!

తన ఇంట్లో మాత్రం రెండో చెక్క భార్యదే. అద్దె ఇళ్ళు తొమ్మిది మారారు. తొమ్మిదిసార్లూ బీరువాకి అటు ఆయన, ఇటు ఆవిడ.

"నీ మూల తొందరపడుతోందే!"

"నా మూల కాదు, మీ నోరు!"

అబ్బ, ఏం రోజులవి! తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి నవ్వాగదు.

ఆయనకి పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది, కాళ్ళూ నిలుస్తున్నాయి. చిక్కల్లా మంచంతోనే. పెళ్ళైన కొత్తలో, భార్య పొట్టిదని, ఆవిడ కాళ్ళు నేలకి ఆనాలని టేకుతో తనే పొట్టిగా చేసిన మంచం. అంత కిందనుంచి ఆయన లేవలేడు. రోజూ కొడుకు చంకల్లో చేతులేసి ఎత్తాలి. ఎత్తినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకునేవాడు. చివరికి మాట్లాడటమే మానేశాడు. ఆవిడ ప్రాణం ఉసూరుమనేది.

"కొత్త మంచం కొందాంలే అమ్మా," అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా," అందావిడ.

వాడు పనికి వెళ్ళగానే అటకమీద ఉన్న ఆయన పనిముట్ల సంచి దింపింది. మంచం పట్టె కింద ఇటుకలు పేర్చి, పైసందులో వాలు చెక్క దూర్చి సుత్తితో ఒక్కటిచ్చింది. మంచం కదిలితే ఒట్టు.

"ఒక్కటే కొడితే పట్టె చీలుతుంది."

ఎన్నాళ్ళకి నోరు విప్పాడు మహానుభావుడు!

"రెండోది ఎదురునుంచి పెట్టు. దీనికి రెండు, దానికి రెండు."

"మీరు కుర్చీలోకి..."

"నేను కదలను. నాతోపాటే లేస్తుంది. కొట్టు."

కొట్టింది. మంచం కోడు లేచింది. దాని కింద అంగుళం మందం ముక్క పెట్టి తర్వాతి మూలకి వెళ్ళింది. నాలుగు మూలలూ అయ్యాక మళ్ళీ మొదటినుంచి.

"నీ మూల తొందరపడుతోందే!" అని కేకేశాడాయన.

ఆవిడ సుత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ సుత్తి అందుకుంది.

మధ్యాహ్నానికి మంచం నాలుగంగుళాలు లేచింది. ఆయన పాదాలు నేలకి ఆనించి అంచు పట్టుకున్నాడు. ఆవిడ ఆదుకోబోయింది.

"చెయ్యి తియ్యి."

తీసింది, ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని. ఆయన వణికాడు, ఊగాడు, తనంతట తానే లేచి నిలబడ్డాడు.

ఆవిడే మంచంమీద కూలబడింది. పాదాలు గాల్లో వేలాడాయి. ఆయన వాటివైపు చూశాడు.

"ఆ సంచిలో ఉలి ఇటు తే," అన్నాడు. "నీ కాళ్ళు అందటం లేదు. పీట చెయ్యాలి."