మడచెట్టుకు ఆమెన్

ఆ రోజుల్లో దరఖాస్తులో ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకునేది కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీవాళ్ళు, ఇంగ్లీషులో చెప్పే పాఠం తలకెక్కని మొదటి ఏడాది పిల్లలకు సొంత భాషల్లో వివరించే మనిషి కావాలన్నారు. హిందీ, బెంగాలీ, తెలుగు మూడింటికీ మాట్లాడటం, చదవడం, రాయడం అన్న గడులన్నీ టిక్కులతో నింపేశాను. (నాది హిందీ మీడియం. తెలుగు అక్షరాలు అప్పటికి రావు. మిన్నీ బేలో మా తెలుగు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అన్నీ కంఠతా పాడేదాన్ని. అదే చదవడం అనుకున్నాను.) నాన్న మాత్రం ఒకటే చెప్పాడు. "ఈ నౌకరీ రాలేదంటే రంగత్ వెళ్ళి పెదనాన్న ఇనప సామాన్ల దుకాన్లో కూర్చో, బస్." జీవితాంతం మేకులు తూచడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇంటర్వ్యూలో ఇద్దరే ఉన్నారు. ప్రిన్సిపాల్ గారికి తెలుగు రాదు. పక్కనున్న కళ్ళజోడు మాస్టారిది శ్రీకాకుళం. ఆయన ఒక తెలుగు కాగితం ఇచ్చి చదవమన్నారు. ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాను. కాగితం రెండు చేతులతో పట్టుకునేసరికి చర్చి అలవాటు కొద్దీ నోరు దానంతటదే కదిలింది. "ప్రభువా, ఈ దినాన ఓడ ఎక్కిన మావాళ్ళందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చుము..." గడగడా సాగిపోయింది. ప్రిన్సిపాల్ గారు మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు. అంతటితో ఆగినా బాగుండేది, చివర ఆమెన్ కూడా అన్నాను.

"అది మడచెట్ల పాఠమమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "మడచెట్టుకి ఆమెన్ ఎందుకు?"

"సార్, మాట్లాడ్డం పూరా వచ్చు. చదవడమే రాదు," అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆయన అదే పాఠం ఇంగ్లీషులో ఇచ్చి, టీ తెచ్చిన తెలుగు ప్యూన్‌కు చెప్పమన్నారు. "చూడు భయ్యా, బురద లోపల హవా దొరకదు. అందుకే మడచెట్టు వేళ్ళు పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి," అన్నాను.

ప్యూన్ ట్రే బల్లమీద పెట్టేశాడు. "అరే దీదీ, కాళ్ళకి గుచ్చుకుంటున్నాయని మా ఇంటెనకాల అన్నీ నరికేశాను. ముందే ఎవరూ చెప్పలేదేటి?"

మాస్టారు ప్రిన్సిపాల్ గారివైపు తిరిగి, ప్యూన్ అన్నమాట ఇంగ్లీషులో చెప్పారు. మూడు నెలల్లో అక్షరాలు నేర్చుకోవాలన్న షరతుతో ఉద్యోగం ఇచ్చారు. రోజూ సాయంత్రం మాస్టారే పలక పెట్టి దిద్దించారు.

ఇప్పుడు తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఏ మాటకైనా నిఘంటువు తిరగేయనిదే కలం కదలదు. ఏమీ రాకుండానే అంత ధీమాగా నోరు విప్పిన ఆ పిల్లంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త అసూయ.