నేను వెళ్ళిన రోజు గాలి

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. 2003లో గోదావరి డెల్టాలో ఆత్రేయపురానికి దగ్గర్లోని ఒక ఊరికి, అక్కడి గాలి కొలవడానికి మూడు నెలలకోసారి వెళ్ళేవాణ్ణి. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ గాలి బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టాను. నాలుగోసారి ఒక పూతరేకులావిడ నోరు విప్పేదాకా, నేను కొలుస్తున్నది ఆ ఊరి గాలిని కాదనీ, నా రాకనేననీ నాకు తట్టలేదు. దుమ్ము కొలవడం నా వృత్తి కాబట్టి, నా మీద నేను దుమ్మెత్తి పోసుకోవడానికి నాకంటే అర్హుడు దొరకడు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు లేబొరేటరీలో ఫీల్డ్ మనిషిని నేను. ఫ్యాక్టరీలు డబ్బిచ్చి పిలిస్తే, వాటి చుట్టుపక్కల గాలిలో ఎంత దుమ్ముందో కొలిచి రిపోర్టు ఇవ్వడం పని. "గాలి తిరుగుళ్ళు తిరిగేవాళ్ళకి జీతం ఇచ్చే ఆఫీసు లోకంలో మీదొక్కటే" అనేది మా ఆవిడ.

ఆ ఊళ్ళో ఉన్నది ఊకతో కరెంటు తీసే ప్లాంటు. అంతకుముందు రైసుమిల్లుల వెనక ఊక గుట్టలుగా పడి ఉండేది. కాలవ గట్టున పోసి నిప్పంటిస్తే వారాల తరబడి పొగ. ఆ ఊకతోనే కరెంటు తీస్తామని కంపెనీవాళ్ళు వచ్చి మీటింగు పెడితే, ఊకదంపుడు ఉపన్యాసమే అనుకున్నారట జనం. తీరా చూస్తే నిజంగానే కరెంటొచ్చింది. బొగ్గు తవ్వక్కర్లేదు, పంట పండినన్నాళ్ళూ ఊక ఉంటుంది. నాకూ అది మంచి పనే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మా మిషను పేరు రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్. నెత్తి మీద ఇంటి కప్పు లాంటి రేకు పెట్టిన చిన్న బీరువాలా ఉంటుంది. లోపలి బ్లోయరు చుట్టూ ఉన్న గాలిని పీల్చి, ఒక తెల్లటి ఫిల్టర్ పేపరు గుండా లాగుతుంది. పేపరుని ముందోసారి, తర్వాతోసారి తూస్తే, ఆ తేడాయే దుమ్ము. అదంతా నేను నియమం తప్పకుండా చేసేవాణ్ణి. గాలివాటం చూసుకుని, పొగ ఎటు వెళ్తుందో అటే, పంచాయతీ ఆఫీసు డాబా మీద పెట్టించేవాణ్ణి. తప్పు పట్టడానికి వీల్లేని కొలత.

ఒక్క ఇబ్బంది. ఆ మిషను ఇద్దరు పడితేగాని లేవదు. అందుకని వెళ్ళడానికి నాలుగు రోజుల ముందే ప్లాంటు మేనేజరు గారికి ఫోను చేసి జీపు పంపమనేవాణ్ణి. చెప్పకుండా ఒకరింటికి వెళ్ళడం మావైపు మర్యాద కాదు కదా. ఆయనా అంతే మర్యాదస్తుడు. జీపు, గెస్ట్‌హౌసులో కొరమీను పులుసు, భోజనం కాగానే తమలపాకులు. "మా గాలి ఎలా ఉందండీ?" అని అడిగేవారు. "పులుసంత బాగుందండీ" అనేవాణ్ణి.

నాలుగోసారి, పొద్దున్న పదకొండింటికి డాబా మీద మిషను గుయ్‌మని మోగుతుండగా, ఆ పూతరేకులావిడ, సత్యవతమ్మ గారు, మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఎర్రగా కందిన వేళ్ళతో ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది.

"బాబుగారూ, ఇవి మీకేనండి. ఇందాకే పోసిన రేకులతో చుట్టాను."

"ఎందుకండీ నాకు?"

"ఎందుకంటారేంటండీ! మీ మిషను పుణ్యమే కదా. మీరొచ్చిన రోజే మా రేకు తెల్లగా వస్తాది. మీరొస్తున్నారని తెలిస్తే చాలు, మా సందులో ఆడాళ్ళమంతా ముందురోజే బియ్యం నానబోసేసుకుంటాం."

నాకు నవ్వొచ్చింది. "మిషనుకీ మీ రేకులకీ ఏంటండీ సంబంధం?"

"అదేంటండీ, ఊళ్ళో దుమ్మంతా లాగేసేది అదే కదా? కాయితం మాసిపోవడం మేం చూళ్ళేదా! సాయంత్రం మీరు పట్టుకెళ్ళిపోతారు, మర్నాడు మళ్ళీ మామూలే. పంచాయతీ తరఫున ఒకటి కొనండీ, ఇక్కడే ఉంటాదని ప్రెసిడెంటు గార్ని అడిగానండి. ఆయనా ఇలాగే నవ్వారు."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఊరంతటి దుమ్ముని ఆ బీరువా లాగెయ్యలేదు. ఒక గదిలో దుమ్ము కూడా లాగలేదు. మరి నేను వచ్చిన రోజే రేకు తెల్లగా ఎందుకొస్తుంది?

"అమ్మా, నేనొస్తున్నానని మీకు ముందురోజే ఎలా తెలుస్తుంది?"

"మా మరిది అప్పారావు ప్లాంట్లో ఊక దించుతాడండి. 'వదినా, బుధవారం మిషనాయన వస్తన్నాడు, ఆ కరెంటు పెట్టె దులుపుతున్నారు' అంటాడు. అంతే, నేను బియ్యం పోసేసుకుంటాను."

కరెంటు పెట్టె అంటే ఈ.ఎస్.పి. చిమ్నీలోకి వెళ్ళే పొగలోంచి బూడిదని, కరెంటు పట్టించిన పెద్ద పెద్ద రేకుల మీదకి లాగి పట్టుకునే యంత్రం. అది నడవాలంటే దానికీ కరెంటు కావాలి. ఆపేస్తే, ఆ కరెంటు కూడా అమ్ముకోవచ్చు. ఆ రేకులు ఆగిపోతే ఈవిడ రేకులు నల్లబడుతున్నాయి. నేను వచ్చే రోజు మాత్రం అవి నడుస్తున్నాయి. ఎప్పుడు నడపాలో చెబుతున్నది ఎవరు? జీపు పంపమని నాలుగు రోజుల ముందే మర్యాదగా ఫోను చేసే నేనే.

డబ్బా కింద పెట్టి, మిషనుని దాని మానాన వదిలేసి ఆవిడ వెంట వాళ్ళింటికి నడిచాను.

బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగిందంటే, ఉల్లిపొర లాంటి రేకు లేచి వచ్చింది. వెలుతురుకి పట్టి చూపించింది, ఒక్క మచ్చ లేదు. తర్వాత గూట్లోంచి ఇంకో కట్ట తీసింది. అవి మొన్న పోసినవి. చల్లినట్టు నల్లటి నలుసులు.

"ఆత్రేయపురం కొట్టాయన ఇంకోసారి మచ్చల రేకు తెస్తే అసలు రావద్దన్నాడండి. ఈ కుండ తప్ప నాకింకో పని చేతకాదు. మూణ్ణెల్లకో రోజు పోసుకుంటే ఎలా బతుకుతానండి?"

"మీ పొయ్యి మసేమో?" అన్నాను. నా సంతకాలని కాపాడుకోవాలన్న ఆశ, అంతే.

"ప్రెసిడెంటు గారూ అదే అన్నారు" అంది ఆవిడ, నన్ను జాలిగా చూసి.

జేబులో భూతద్దం ఉంటుంది నాకు. నలుసుని దాని కింద పెట్టాను. చిన్న దోనెలా వంగి, ఒంటి మీద గీతలతో. ఊక. మాడి బూడిదైనా ఆకారం పోదు దానికి. కొబ్బరాకుల మంటలోంచి ఊక రాదు.

ప్రెసిడెంటు వీర్రాజు గారిదే ఊళ్ళో రైసుమిల్లు. ప్లాంటుకి ఊక ఎక్కువగా వెళ్ళేది అక్కణ్ణించే. ఆ మధ్యాహ్నం మిల్లు గదిలో ఆయన్ని కలిశాను. వెనకాల సత్యవతమ్మ, లోడు దించి వచ్చిన అప్పారావు.

"మళ్ళీ మొదలెట్టావా సత్యవతీ? అయ్యా, మీరే చెప్పండి ఈవిడకి" అంటూ వీర్రాజు గారు గోడ మీద నుంచి ఒకటి తీసి నా ముందు పెట్టారు. ప్లాస్టిక్ అతికించి, ఫ్రేము కట్టించిన నా రిపోర్టు. కింద నా సంతకం. "ఎవరొచ్చి పొగ అన్నా దీన్ని చూపిస్తానండి. సైన్సు చదువుకున్నాయన రాసిచ్చాడు, నువ్వు చదివావా అంటాను. ఇంక మాట్లాడరు."

ఆవిడ నోరు ఇన్నాళ్ళూ మూయించింది నా సంతకమేనన్నమాట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ప్లాంటు ఎత్తేస్తే మీ కళ్ళు చల్లబడతాయా వదినా?" అప్పారావు అందుకున్నాడు. "యాభై మందిమి దించుకుంటన్నాం అక్కడ. మీ రేకులకోసం మేం ఆకులు నాకాలా?"

"ఎత్తెయ్యమని ఎవరన్నార్రా? ఈయనొచ్చిన రోజు ఎలా ఉంచుతున్నారో రోజూ అలాగే ఉంచమంటున్నాను. నువ్వు తినే అన్నంలో నలుసులు ఏరిపెట్టేది ఎవరు, నేను కాదా?"

"కాలవ గట్టున ఊక తగలబడిన రోజులు మర్చిపోయావు" అన్నారు వీర్రాజు గారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఆ గదిలో అబద్ధం ఆడింది గోడ మీది కాయితం ఒక్కటే.

"ప్రెసిడెంటు గారూ, ఒకరోజు డాబా తాళం ఇప్పించండి. ఏ రోజో ఎవరికీ చెప్పను. మీకు కూడా" అన్నాను.

"మా ఊరి గాలి మీద మాకు అనుమానమేంటండీ? కొలుచుకోండి" అని తాళంచెవి బల్ల మీదకి తోశారు.

రెండు వారాల తర్వాత ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మిషను మీద టార్పాలిన్ కప్పి, కొబ్బరిబోండాల లోడులా ఊళ్ళోకి వచ్చాను. ఎనిమిదింటికి బ్లోయరు మొదలైంది. చిమ్నీ నుంచి పొగ కాటుక రంగులో, తాపీగా, అచ్చం మా డాబా మీదుగానే వెళ్తోంది. గంట తిరక్కుండానే నా తెల్ల చొక్కా భుజాల మీద ఆ నల్లటి ఊక దోనెలు దిగాయి. కళ్ళు మండుతున్నాయి. ఏడాదిగా నేను పీల్చని గాలి అది. వీళ్ళు పీల్చేది.

మధ్యలో ఓ గంట కరెంటు పోయింది. కరెంటు వండే ఊళ్ళో కరెంటు కోత. వీర్రాజు గారికి కబురెళ్ళింది, ఆయన మిల్లు జనరేటరు ట్రాక్టరు మీద పంపించి, తనూ వచ్చారు. "మా ఊరొచ్చి పని కాకుండా పోతే నాకు నామోషీ అండి" అన్నారు. మిషను ఏం చూపిస్తుందో తెలియకుండా దానికి కరెంటు పోసిన మనిషి ఆయన. ఆ మాట ఆయన గురించి ఎప్పుడూ చెబుతుంటాను.

పన్నెండు దాటాక కింద జీపు ఆగింది. మేనేజరు గారు మెట్లెక్కి వచ్చారు. మిషనుని, నన్ను, ప్రెసిడెంటు గారిని, గోడకి ఆనుకుని నిలబడ్డ సత్యవతమ్మని వరసగా చూశారు.

"ఇదేంటండీ, చెప్పకుండా వచ్చేశారు! మాకు మర్యాద చేసుకునే అవకాశం కూడా ఇవ్వలేదు" అని నవ్వుతూనే, పక్కకి వెళ్ళి సెల్‌ఫోనులో రెండు ముక్కలు మాట్లాడారు. తర్వాత మాతోపాటు నిలబడి వానల గురించి ఏదో చెబుతున్నారు.

పావుగంట గడిచిందేమో. సత్యవతమ్మ చెయ్యెత్తింది.

"చూడండి, తెల్లబడతాంది."

అందరం చూశాం. కాటుక రంగు పొగ బూడిద రంగుకి, బూడిద రంగు పల్చటి తెలుపుకి తిరిగింది. కాసేపటికి చిమ్నీ వెనక ఆకాశం కనపడింది. కుళాయి కట్టేసినట్టు. అంత తేలికా? ఒక్క ఫోనుకి? ఇన్నాళ్ళూ ఒక మీట అవతల ఉందా ఈ ఊరికి మంచి గాలి? వీర్రాజు గారు కండువాతో మొహం తుడుచుకున్నారు. కండువాకి మసి అంటింది. దాన్ని ఒకసారి చూసుకున్నారు.

"మేనేజరు గారూ, నా గోడ మీది కాయితం మీరు పట్టుకుపోండి" అని ఒక్క మాట అని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సాయంత్రం తీసిన ఫిల్టర్ పేపరు అట్లపెనంలా ఉంది. మర్నాడు దాన్ని తూచి, రిపోర్టు రాసి మా లేబొరేటరీ ఓనరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, సొరుగు లాగి అందులో వేశారు.

"షెడ్యూలులో లేని శాంపులు శాంపులే కాదయ్యా."

"గాలి షెడ్యూలు చూసుకుని వీస్తుందాండీ?"

"నువ్వు చూసుకుని వెళ్ళాలి. ఇకపై ఆ ప్లాంటుకి ఇంకొకరు వెళ్తారు. నువ్వు ఫోన్ల పని చూడు. ఏ ఫ్యాక్టరీకి ఎప్పుడు వస్తున్నామో చెప్పే పని."

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే. మనకోసం సర్దిపెట్టిన ఇంటిని చూసి వచ్చి, వాళ్ళు ఎలా బతుకుతున్నారో చూశామని రాయకూడదు. ఎంత సరిగ్గా కొలిచామన్నది తర్వాత సంగతి, మనం వెళ్ళకపోతే అక్కడ ఏం జరుగుతోందన్నది ముందు తెలుసుకోవాలి. అది తెలిసినవాళ్ళు ఎప్పుడూ అక్కడే ఉంటారు, బియ్యం నానబోసుకుంటూ.

కానీ మా ఓనరు గారు కోపంలో ఒక పొరపాటు చేశారు. నా చేతికి ఫోనిచ్చారు.

ఆ సోమవారం పొద్దున్నే మేనేజరు గారికి ఫోను చేశాను. "నమస్కారమండీ. ఈ వారంలో మావాళ్ళు వస్తారు. ఏ రోజన్నది ఇంకా తేలలేదండి." మరుసటి సోమవారమూ చేశాను. ఆ తర్వాతి సోమవారమూ. ఏడాదికి పైగా, నేను ఆ ఉద్యోగం మానేసే వారం దాకా, ఒక్క సోమవారం తప్పలేదు. మూణ్ణెల్లకోసారి తప్ప ఎవరూ వెళ్ళేది లేదు. ఆ కరెంటు పెట్టె మాత్రం ఆగేది లేదు. సత్యవతమ్మ గారి రేకులు ఆత్రేయపురం కొట్టులో తెల్లగా దిగుతున్నాయని నేనే వెళ్ళి చూసుకున్నాను.

పాపం, మేనేజరు గారు ప్రతిసారీ అడిగేవారు.

"రోజు చెబితే జీపు పంపిస్తాను కదండీ?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అనేవాణ్ణి.