తమ్ముడు చేయించుకోని పరీక్ష

ఏలూరులో రైలెక్కాక, పక్కన కూర్చున్న ముస్లిం ఆవిడ అప్పుడప్పుడే మొలుస్తున్న నా జుట్టు చూసి, "మీకూ రొమ్ము క్యాన్సరేనా అండీ?" అని మెల్లగా అడిగింది.

అవునని, ఈ జబ్బు వల్లే నా కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటానన్న తమ్ముడు మాట తప్పాడని చెప్పాను. నాకు చదువు రాదు. డాక్టరుగారితో వాడే మాట్లాడి వచ్చి, "మన రక్తంలోనే ఉందంటక్కా, పిల్లలకీ వస్తుందంట" అన్నాడు.

"గడ్డలో కణాలు మాత్రమే మారితే అది మనతోనే పోతుందండీ," అంది ఆవిడ. "ఆ మార్పు అమ్మ అండంలోనో నాన్న వీర్యకణంలోనో ఉంటేనే పిల్లలకి వచ్చేది. నాకలాగే వచ్చింది. మా అన్నదమ్ములందరికీ పరీక్ష చేశారు. మరి మీ తమ్ముడుగారు చేయించుకున్నారా?"

లేదు. ఒకే తల్లి పిల్లలమైనా, వాడికి ఆ భయమే లేదని, రక్తంలో ఉందన్నది వాడు అల్లిన సాకేనని అప్పుడు తట్టింది. తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

తమ్ముడు ఇప్పటికీ కలిదిండి నుంచి చేపలు తెస్తాడు. పులుసు పెట్టి వడ్డిస్తాను. వాడితో కలిసి తినను.