అత్తయ్య కాలి మీద కోడి

పోయిన వేసవిలో ఒక ఎలుక మా బీమా ఏజెంటు గారి బట్టతల మీద సైకిలు తొక్కుకుంటూ ఎడమచెవి నుంచి కుడిచెవికి వెళ్లింది. ఆయన చూసుకోలేదు. మేం చూశాం. అందుకే ఆ పాలసీలో ఏముందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ ఎలుక మా బావది. బావ కదిలే బొమ్మలు గీస్తాడు. గీసినవాటిని ప్రొజెక్టరుతో దేని మీదైనా వేస్తాడు, ఒక్క తెర మీద తప్ప.

"తెర మీద వేస్తే బొమ్మ పడుకుంటుందిరా. ఎత్తుపల్లాలుంటేనే పరిగెడుతుంది," అంటాడు.

అక్క పిండి కలిపి పక్కన పెడితే దాని మీద ఏనుగు. పిండి పొంగేకొద్దీ ఏనుగుకి పొట్ట వచ్చేది. గదిలో ఆరేసిన దుప్పటి మీద ఓడ. ఫ్యాను వేస్తే తుఫాను. ఓసారి నా బనీను మీద రైలు నడుపుతూ, "ఊపిరి బిగబట్టరా, సొరంగం వస్తోంది!" అన్నాడు. బిగబట్టాను. నా వయసు నలభై ఎనిమిది.

అలాంటివాడి తల్లి, మా అత్తయ్య, మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు.

"కాలు రోజుకి ముప్పైసార్లు పైకెత్తాలి. లేదంటే కండ కరిగిపోయి, కట్టు విప్పినా నడవలేరు," అన్నారు డాక్టరు.

అత్తయ్య ముప్పై ఏళ్లు పిల్లలచేత కసరత్తు చేయించిన డ్రిల్లు టీచరు. చేయించడమే తప్ప ఒకరు చెబితే చేయడం ఆవిడకి అలవాటు లేదు.

"నావల్ల కాదు. నన్నిలా వదిలెయ్యండి," అని మొహం తిప్పేసుకుంది. అక్క కళ్లు తుడుచుకుంది. బావ మాత్రం కట్టు వంకే చూస్తున్నాడు.

"ఎంత తెలుపురా! ఎంత పొడుగు!"

"సిగ్గుందా బావా? అది మీ అమ్మ కాలు!"

మర్నాడు మధ్యాహ్నం వెళ్లి చూస్తే గదిలో కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. పొద్దుట్నుంచి నేను వెతుకుతున్న నా నల్ల కోర్టు కోటు, మంచం అవతలి గోడకి మేకులతో పరిచి ఉంది. నోరు తెరవబోయాను.

"అడ్డం లేవరా, కోడి వస్తోంది!" అని అరిచింది అత్తయ్య.

ప్రొజెక్టరు వెలుగు మంచానికి జానెడు ఎత్తున పోతోంది. ఆవిడ మూలుగుతూ కాలెత్తితే కట్టు మీద కోడి ప్రత్యక్షమై రెండడుగులు వేసేది. దించితే వెలుగు నా కోటు మీద పడి, ఆ నలుపులో కోడి మాయం.

"ఎన్నోసారి?" అన్నాను.

"ఇరవై ఆరు. పైకి అనకు, మానేస్తుంది," అన్నాడు బావ నా చెవిలో.

ఆరు వారాలు రోజుకో కొత్త ముక్క గీశాడు. కోడి పిల్లితో పోట్లాడింది, గూడు కట్టింది, పొదిగే ఏర్పాట్లన్నీ చేసుకుంది. నేను కోర్టుకి కోటు అరువు తెచ్చుకున్నాను.

కట్టు విప్పారు. "కాలు గట్టిగా ఉంది, మెల్లగా నడవచ్చు," అన్నారు డాక్టరు. అత్తయ్య మంచం దిగలేదు. భయం. అది ఒప్పుకోవడం కంటే కొడుకుని తిట్టడం సులువు.

"నెలన్నరపాటు దాని కోసం కాలెత్తానే! గుడ్డు పెట్టకుండానే పోయింది. ఇదేం న్యాయంరా?"

బావ అప్పటికే ప్రొజెక్టరు చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు.

"వంటింట్లో పిండిముద్ద మీద పెడుతుందిటమ్మా, నడిచొచ్చి చూసుకో."