అమ్మ వేషం రత్నమణి

రత్నమణి మొదట ఒప్పుకున్నది కథానాయిక వేషానికే. డెబ్బై మూడులో పోర్టు ఉద్యోగులు కొందరు కలిసి ‘మూడో గేటు’ అని ఒక నాటకం ఎత్తుకున్నారు. రాసిందీ ఆడించేదీ పోర్టు ఆఫీసులో గుమాస్తా జ్ఞానశేఖర్. చర్చిలో పాటల బృందాన్ని నడిపేదీ ఆయనే కాబట్టి రత్నమణి గొంతు ఎలాంటిదో ఆయనకు తెలుసు. ఆమె పగలంతా సీతమ్మధారలో ఒక డాక్టరుగారి దగ్గర సూదులు మరగబెట్టి, కట్లు కట్టి, సాయంత్రం బస్సెక్కి రిహార్సల్సుకు వచ్చేది. పాతికేళ్ల మనిషి. తాడిచెట్టులా నిటారుగా నడిచేది.

ఆట దగ్గర పడ్డాక, తల్లి వేషం వెయ్యాల్సిన కాకినాడ సూర్యకాంతమ్మకు టైఫాయిడ్ తగిలింది. జ్ఞానశేఖర్ తల పట్టుకు కూర్చుని, చివరికి రత్నమణి వైపు చూశాడు. ప్రేమించే పిల్ల వేషానికి ఎవరో ఒకరు దొరుకుతారు, తల్లి దొరకదు అన్నాడు. ఈ ఒక్కసారికే అన్నాడు. కాదనడం రత్నమణికి చేతకాలేదు. ముసలితనం ఎలా తెచ్చుకోవాలో తెలియక, తమ వీధిలోకి చేపలు తెచ్చే అప్పలమ్మను కనిపెట్టి చూసింది. గంప దించాక నడుం మీద చెయ్యి వేసుకోవడం, మాట సగంలో ఆపి ఊపిరి తీసుకోవడం, అన్నీ పట్టేసింది.

నాటకంలో ఆ తల్లి కొడుకు ఓడలో సరుకు దించుతూ పడి చచ్చిపోతాడు. ఆ సంగతి ఆమె బుర్రకెక్కదు. రోజూ అన్నం కేరేజీ పట్టుకుని పోర్టు గేటు దగ్గర నిలబడి, “రా నాయినా, కూడు సల్లారిపోతంది” అంటుంది. అంతటితో తెర పడుతుంది. మొదటి ఆటకు చప్పట్లు లేవు. ఓడల్లో సరుకు దించే కళాసీలు, వాళ్ల ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటూ కుర్చీల్లోంచి లేవలేదు. ఆ ఏడు పోటీల్లో ఆమెకే ఉత్తమ నటి బహుమతి. ఊళ్లో ఆ మాట ఎంత పాకిందంటే, హోటళ్లలో సర్వర్లు ఇడ్లీ ప్లేటు పెడుతూ “రా నాయినా, సల్లారిపోతంది” అనేవారు.

రత్నమణి మురిసిపోయింది. తర్వాతి నాటకంలో తనకు కథానాయిక వేషం వస్తుందనుకుంది. వచ్చింది క్షయ పట్టిన తల్లి వేషం. ఆ తర్వాత గుడ్డి తల్లి. ఆ తర్వాత ఖైదీ తల్లి. షిప్‌యార్డు వాళ్లు పిలిచినా, రిఫైనరీ వాళ్లు పిలిచినా తల్లే. ఎప్పుడూ తల్లేనా అని ఒకసారి జ్ఞానశేఖర్‌ని అడిగింది కూడా. ఆయన ఇబ్బందిగా నవ్వి, నువ్వు పైట సవరించుకుంటూ వస్తే జనం ఏడవడానికి సిద్ధమైపోతారమ్మా, వాళ్లని నేనేం చేయను అన్నాడు. అది మెప్పో కాదో ఆమెకు తెలియలేదు. ఆయన కూడా ‘అమ్మా’ అనడం మొదలుపెట్టాడని ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

‘మూడో గేటు’లో కొడుకు వేషం వేసినవాడు గవర్రాజు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేను నడిపేవాడు. రత్నమణి కంటే మూడేళ్లు పెద్ద. రిహార్సల్సు ముగిశాక బస్టాపు దాకా తోడు వచ్చేవాడు, మొదట్లో ‘రత్నమణిగారు’ అనేవాడు. ఆ నాలుగడుగుల కోసం ఆమె రోజంతా ఎదురుచూసేది. ఈ సంగతి తల్లి దీవెనమ్మకు చెప్పలేదు. చెప్తే, మన చర్చి పిల్లడు కాడు కదే అంటుందని తెలుసు. ఎలా ఉంటుందో చూసుకుని చెబుదామనుకుంది.

డెబ్బై ఆరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గవర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లింటికి వచ్చాడు. రత్నమణి గబగబా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను మంచినీళ్లు తాగి, గాజువాకలో ఒక సంబంధం ఉందనీ, తనకు తల్లి లేదనీ, పిల్లని చూడ్డానికి పెద్దదిక్కుగా ఆమె రావాలనీ అడిగాడు.

“నాను మీకన్నా సిన్నదాన్నండి” అంది రత్నమణి.

“వయసుదేముందమ్మా. స్టేజీ మీద నీ ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు మా అమ్మే అనిపించేది నాకు. నువ్వు సరేనంటేనే చేసుకుంటాను.”

అతని కళ్లలో నీళ్లు. వేళాకోళమైతే కోప్పడేది. ఏం చెయ్యాలో తోచక, వత్తాను అనేసింది.

గాజువాకలో పెళ్లికూతురి తల్లి రామలక్ష్మమ్మ గుమ్మంలోనే గుర్తుపట్టింది. ఆవిడకు యాభై దాటాయి. అయినా రత్నమణిని చెయ్యి పట్టి తీసుకెళ్లి అందరికంటే పెద్ద కుర్చీలో కూచోబెట్టింది. అక్కడ తనేం మాట్లాడాలో రత్నమణికి పాలుపోలేదు. నోరు తెరిస్తే నాటకంలో గొంతే వచ్చింది. వంటొచ్చునా తల్లీ అని అడిగింది, మా వాడికి కోపం తక్కువ అని చెప్పింది. పిల్ల కనకరత్నం వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఆ పిల్లకూ తనకూ ఐదేళ్ల తేడా ఉంటుందేమో. రత్నమణి చెయ్యి దానంతటదే లేచి ఆ పిల్ల తల మీద వాలింది. పిల్ల బాగుంది, చేసుకో నాయినా అంది. ఆ మాట తను అందో, తను వేసిన వేషం అందో తేల్చుకోలేక బస్సులో కిటికీ వైపు తిరిగి కూచుంది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. స్టేజీ మీద అడగ్గానే వచ్చే ఏడుపు.

తర్వాత దీవెనమ్మ తెచ్చిన సంబంధాలు ఆమె ఒక్కటీ ఖాయపరచుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం ఉండేది కాదు. ఒకసారి సినిమా వాళ్లు బీచిలో షూటింగుకి వచ్చి ఆమెను తీసుకున్నారు. తనకంటే పెద్దవాడైన హీరోకి తల్లిగా తెల్లవిగ్గు పెట్టారు. గవర్రాజు పెళ్లాన్నీ పిల్లల్నీ తీసుకెళ్లి ఆ సినిమా చూపించి, మీ నాయనమ్మ అని చెప్పాడట.

ఎనభై ఏడులో జ్ఞానశేఖర్ ఆమె కోసమే ఒక నాటకం రాశాడు. నలభైకి దగ్గరపడ్డాక పెళ్లికి సిద్ధపడే టీచరమ్మ కథ. తల్లి వేషమే లేదు. రిహార్సల్సులో ఆమెకు అసలు కష్టం నడక దగ్గర వచ్చింది. సంతోషంగా గదిలోకి రావాలంటే నడుం వంగిపోయేది, చెయ్యి వెనక్కి పోయేది. “అలా కాదమ్మా, నువ్వు నడిచినట్టు నడు” అన్నాడు జ్ఞానశేఖర్.

“నాను ఎలా నడుత్తానన్నయ్యా?” అని అడిగింది. నిజంగానే ఆమెకు తెలియలేదు. గోడకు వీపు ఆనించి నిలబడి మళ్లీ నేర్చుకుంది.

ఉక్కు ఫ్యాక్టరీ కాలనీలో ఆట. చామంతి రంగు చీర, తలలో పూలు, తెల్లరంగెయ్యని నల్లజుట్టు. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రత్నమణి తలలో పూలు తియ్యకముందే, ఒక పెద్దావిడ తెర వెనక్కి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

“ఎంత బాగా సేసేవమ్మా, కొత్తపిల్లవైనా. మరి రత్నమణిగారు రాలేదేటి? ఆవిడ కోసమే వచ్చేను నాను.”

రత్నమణి జ్ఞానశేఖర్ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

“రాలేదండి” అంది.

పాపం ఒంట్లో బాలేదా అని ఆవిడ బెంగపడితే, బానే ఉన్నారు, పైసారి వత్తారు అని కూడా చెప్పింది. ఆవిడ తృప్తిగా వెళ్లిపోయింది. గెలిచినట్టా, ఓడినట్టా? జ్ఞానశేఖర్‌ని అడిగితే, ఇంతకంటే గొప్ప మెప్పు ఏం కావాలమ్మా అన్నాడు. ఆ గొంతులో నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున్న క్లినిక్కుకి వెళ్లే బస్సు కిక్కిరిసి ఉంది. కమ్మీ పట్టుకుని నిటారుగానే నిలబడింది. సీట్లో ఉన్న కుర్రాడు ఆమె మొహం చూసి చటుక్కున లేచి, “కూకోండమ్మా” అన్నాడు. వేషం గుర్తుపట్టి లేచాడో, వయసు చూసి లేచాడో అడుగుదామనుకుంది. అడగలేదు. వెళ్లి కూచుంది.